పేదల ఇళ్లు ఏ ఊరి బాధ్యత?

ఒక మహానగరం చుట్టూ యాభై అరవై చిన్న పట్టణాలు ఉంటాయి. ప్రతి పట్టణానికీ సొంత మేయర్, సొంత కౌన్సిల్, సొంత ఆస్తిపన్ను, ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే సొంత జోనింగ్ నిబంధనలు. అన్నిటిలోనూ ఆస్పత్రులు, బడులు, దుకాణాలు, గిడ్డంగులు ఉంటాయి. వాటిని నడిపించే వంటమనుషులు, ఆయాలు, కూలీలు, బస్సు డ్రైవర్లు పొద్దున్నే వచ్చి పని చేసి వెళ్లిపోతుంటారు. వాళ్ల జీతానికి తగిన ఇల్లు మాత్రం తమ ఊళ్లో వద్దు, పక్క ఊళ్లో ఉంటే చాలనుకుంటుంది ప్రతి పట్టణమూ. అందరూ అలాగే అనుకుంటే ఆ ఇల్లు ఎక్కడా లేవదు. లేచినా, కాదనే శక్తి లేని పాత నగరంలోనే, ఇప్పటికే పేదరికం పేరుకుపోయిన పేటలోనే లేస్తుంది.

ఇరుగుపొరుగు స్థానిక ప్రభుత్వాలు ఈ బాధ్యతను ఎలా పంచుకోవాలి? ఎవరి వాటా ఎంతో ఎవరు తేల్చాలి? ఒక ఊరు తన వాటా మోయనంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నలతో యాభై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్న రాష్ట్రం అమెరికాలోని న్యూజెర్సీ. అక్కడ 564 స్థానిక ప్రభుత్వాలున్నాయి. తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన ఎడిసన్, మన్రో, సౌత్ బ్రన్స్‌విక్ వంటి టౌన్‌షిప్‌లు కూడా వాటిలోవే. న్యూజెర్సీ అనుభవాన్ని ముందు పెట్టుకుని, మసాచుసెట్స్, కాలిఫోర్నియా, మిన్నెసోటా, ఫ్రాన్స్ నడిచిన దారులతో పోల్చి, ఏది ఫలించింది, ఏది బెడిసింది అన్నది చూద్దాం.

36 ఇళ్ల కోసం మొదలైన తగువు

ఫిలడెల్ఫియా నగరానికి దగ్గరలో, బర్లింగ్టన్ కౌంటీలో మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్ ఉంది. ఒకప్పుడు అంతా పొలాలే. 1960ల్లో హైవేలు వచ్చాయి, వాటి వెంట కొత్త కాలనీలు వెలిశాయి. అక్కడి స్ప్రింగ్‌విల్ పేటలో నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా పొలం పనులు చేసుకుంటూ బతికేవి. కొందరు కోళ్లగూళ్లను మార్చుకుని కాపురం ఉండేవారు. టౌన్‌షిప్ అధికారులు అలాంటి ఇళ్లను నివాసయోగ్యం కాదని ఖాళీ చేయించారు. ఆ కుటుంబాలు వెళ్లడానికి ఊళ్లో వేరే ఇల్లు లేదు. పేటవాసులు ఒక సంఘంగా ఏర్పడి 36 ఫ్లాట్లు కట్టుకుంటామని అనుమతి అడిగారు. ఊరి నిబంధనలు విడి ఇళ్లకు తప్ప అపార్ట్‌మెంట్లకు ఒప్పుకోవు. 1970లో ఒక ఆదివారం పేటలోని చర్చికి వచ్చిన మేయర్, ఈ ఊళ్లో ఉండే స్తోమత లేనివాళ్లు ఊరు విడిచి వెళ్లాల్సిందేనని తేల్చి చెప్పాడు. ఆ మాట విన్నవాళ్లలో ఎథెల్ లారెన్స్ ఒకరు. ఆమె కుటుంబం ఆ నేల మీద తరాల తరబడి ఉంటోంది. 1971లో ఆమె, మరికొందరు, నల్లజాతి హక్కుల సంఘం కలిసి టౌన్‌షిప్ మీద దావా వేశారు.

ఈ కేసులో బయటపడిన జోనింగ్ నిబంధనలు చూస్తే, పేదలను దూరం పెట్టడానికి ఎవరినీ పేరు పెట్టి నిషేధించనక్కర్లేదని అర్థమవుతుంది. ఊరి నేలలో నాలుగో వంతుకు పైగా పరిశ్రమలకు కేటాయించారు. అందులో వాడకంలోకి వచ్చింది చాలా తక్కువ. మిగిలిన చోట పెద్ద స్థలంలో విడి ఇల్లే కట్టాలి. కొన్ని పెద్ద ప్రాజెక్టుల్లో ఫ్లాట్లకు అనుమతి ఇచ్చినా, ఒకటికి మించి పడగ్గదులున్న వాటి సంఖ్యను బాగా కుదించారు. పది ఫ్లాట్లకు సగటున ముగ్గురు బడిపిల్లలు మించితే, ఆ పిల్లల చదువు ఖర్చు బిల్డరే భరించాలని షరతు పెట్టారు. పిల్లలున్న కుటుంబం వస్తే బడి ఖర్చు పెరుగుతుంది, బడి నడిచేది ఊరి ఆస్తిపన్నుతో. కాబట్టి పిల్లలే రాకుండా చూడాలన్నది లెక్క. ఒక్కో ఊరి వరకు చూస్తే ఇది పొదుపు. అన్ని ఊళ్లూ ఇదే లెక్క వేసుకుంటే పేద కుటుంబానికి ఆ ప్రాంతంలోనే చోటుండదు.

1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. రాసింది న్యాయమూర్తి ఫ్రెడరిక్ హాల్. ఇల్లు ఎక్కడ ఎలా కట్టాలో నిర్ణయించే అధికారం ఊరి సొంతం కాదు, రాష్ట్రం అప్పగించినది. అప్పగించిన అధికారాన్ని ప్రజలందరి సంక్షేమానికి వాడాలి. ఆ ప్రజలంటే ఊరి సరిహద్దు లోపలివారే కాదు, ఆ ప్రాంతంలో ఉండేవారంతా. అందువల్ల ఎదుగుతున్న ప్రతి టౌన్‌షిప్ తన ప్రాంతపు అవసరంలో న్యాయమైన వాటాకు చోటివ్వాలి. ఇదీ తీర్పు సారాంశం. దీనికే మౌంట్ లారెల్ సిద్ధాంతమని పేరు వచ్చింది.

సిద్ధాంతం గొప్పది. ఆచరణ శూన్యం. ఎనిమిదేళ్లలో మౌంట్ లారెల్ టౌన్‌షిప్ చేసిందల్లా మూడు చోట్ల కలిపి ఊరి నేలలో పావు శాతం కూడా లేని భాగానికి నిబంధనలు మార్చడం. ఒక్క ఇల్లూ లేవలేదు. మిగతా ఊళ్లలో చాలావరకు ఆ మాత్రం కూడా కదలలేదు. 1983లో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ విలెంట్జ్ నాయకత్వంలోని కోర్టు రెండో తీర్పులో ఆగ్రహాన్ని దాచుకోలేదు. ఈసారి మంచిమాటలతో సరిపెట్టలేదు. ప్రతి ఊరికీ వాటా అంకెల్లో ఉండాలంది. ఈ కేసుల కోసమే ముగ్గురు న్యాయమూర్తులను నియమించింది. బిల్డరుకు ఒక ఆయుధం ఇచ్చింది: ఊరు తన వాటాకు చోటివ్వకపోతే బిల్డరు కోర్టుకు వెళ్లవచ్చు, తన ప్రాజెక్టులో తగినన్ని అందుబాటు ధరల ఇళ్లు పెడితే ఊరు కాదన్నా అనుమతి తెచ్చుకోవచ్చు. అప్పుడు కదిలాయి ఊళ్లు.

వాటా ఎలా తేలుస్తారు?

న్యూజెర్సీని ఆరు ప్రాంతాలుగా విభజించారు. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీ, సోమర్‌సెట్, హంటర్‌డన్ కౌంటీలతో కలిసి ఒక ప్రాంతం. 2024 మార్చిలో గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఒక ప్రాంతంలో గత జనగణన దశాబ్దంలో కుటుంబాల సంఖ్య ఎంత పెరిగిందో చూసి, అందులో 40 శాతాన్ని తక్కువ, మధ్యస్థ ఆదాయాల వారి అవసరంగా తీసుకుంటారు. ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సగం లోపు సంపాదించేది తక్కువ ఆదాయ కుటుంబం. సగం నుంచి 80 శాతం దాకా సంపాదించేది మధ్యస్థ ఆదాయ కుటుంబం.

ఆ మొత్తాన్ని ఊళ్లకు పంచేటప్పుడు మూడు సంగతులు చూస్తారు. ఒకటి, ఊళ్లో వ్యాపార, పారిశ్రామిక ఆస్తుల విలువ ఎంత పెరిగింది. ఉద్యోగాలు తెచ్చుకున్న ఊరు ఉద్యోగుల ఇళ్లకూ చోటివ్వాలన్నది దీని వెనుక న్యాయం. రెండు, ఊరి ఆదాయ స్థాయి. ధనిక ఊరు ఎక్కువ మోయాలి. మూడు, కట్టడానికి అనువైన నేల ఎంత మిగిలింది. నెవార్క్, కామ్డెన్, ట్రెంటన్ లాంటి పేద నగరాలకు కొత్త వాటా వేయరు. అవి తమ పాత, శిథిల గృహాలను బాగుచేసుకుంటే చాలు. వాటాలను విడతలవారీగా తేలుస్తారు. 2025 నుంచి 2035 దాకా సాగే నాలుగో విడతకు రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించిన లెక్క ఇది: కొత్త అవసరం 84,698 ఇళ్లు, మరమ్మతు చేయాల్సినవి 65,410.

ఈ సూత్రం రాత్రికి రాత్రి పుట్టలేదు. 1985లో గవర్నర్ టామ్ కీన్ కాలంలో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం కోర్టుల చేతిలోని పనిని ఒక రాష్ట్ర మండలికి అప్పగించింది. మొదటి రెండు విడతల్లో ఆ మండలి పని చేసింది. 1999 తరువాత కుప్పకూలింది. అది రాసిన మూడో విడత నియమాలను కోర్టులు మళ్లీ మళ్లీ కొట్టేశాయి. గవర్నర్ క్రిస్ క్రిస్టీ 2011లో మండలినే రద్దు చేయబోతే, ఆ అధికారం ఆయనకు లేదని 2013లో సుప్రీంకోర్టు ఆపింది. చివరికి 2015లో మండలి పని చేయడం లేదని తేల్చి, బాధ్యతను కోర్టులే తిరిగి తీసుకున్నాయి. ఆ 16 ఏళ్ల ఖాళీలో పేరుకున్న అవసరాన్ని కూడా లెక్కలో కలపాలని 2017లో తీర్పు వచ్చింది. ఆ తరువాత 300కు పైగా ఊళ్లు రాజీ ఒప్పందాలకు వచ్చాయి. 2024 చట్టం ఆ మండలిని రద్దు చేసి, లెక్క కట్టే పనిని రాష్ట్ర శాఖకు, తగవులు తీర్చే పనిని న్యాయవ్యవస్థలోని ప్రత్యేక విభాగానికి ఇచ్చింది. మాంట్‌వేల్ పట్టణం నాయకత్వంలో కొన్ని ఊళ్లు దాన్ని కోర్టులో సవాలు చేశాయి. చట్టాన్ని నిలిపివేయడానికి రాష్ట్ర కోర్టు ఒప్పుకోలేదు.

డబ్బిచ్చి దించుకున్న బరువు

బాధ్యత పంచుకోవడంలో అన్నిటికన్నా చిక్కైన ఘట్టం 1985 చట్టంలోనే ఉంది. ఒక ఊరు తన వాటాలో సగం వరకు అదే ప్రాంతంలోని మరో ఊరికి బదిలీ చేయవచ్చు, ఆ ఊరికి ఇంటికింత అని డబ్బు చెల్లించాలి. ధనిక శివారు పట్టణాలు ఈ వెసులుబాటును విరివిగా వాడుకున్నాయి. తీసుకున్నవి ఎక్కువగా పాత పారిశ్రామిక నగరాలు.

దీన్ని సమర్థించినవారి వాదనలో బలం లేకపోలేదు. పాత నగరాలకు ఇళ్ల మరమ్మతులకు నిధులు కావాలి, ఇంకెక్కడి నుంచీ రావడం లేదు. అక్కడ ఒక ఇల్లు బాగుచేసే ఖర్చు శివారులో కొత్తది కట్టే ఖర్చుకన్నా తక్కువ. పేదలకు బస్సులు, బంధువులు, పరిచయాలు ఉన్నది కూడా అక్కడే. కానీ మౌంట్ లారెల్ తీర్పు ఎందుకు పుట్టిందో గుర్తుంచుకుంటే ఈ వాదన నిలవదు. ఎథెల్ లారెన్స్ అడిగింది ఎక్కడో ఒక చోట ఇల్లు కాదు. ఉద్యోగాలు పెరుగుతున్న చోట, మంచి బడి ఉన్న చోట, తన సొంత ఊళ్లో ఇల్లు. వాటాను డబ్బుగా మార్చి పంపితే ఇళ్ల లెక్క సరిపోతుందేమో గానీ, పేద కుటుంబం ఉన్నచోటే ఉండిపోతుంది. నల్లజాతివారు, లాటినోలు ఒక చోట, తెల్లవారు మరో చోట అనే విభజన ప్రభుత్వ ముద్రతో గట్టిపడుతుంది. 2008లో గవర్నర్ జాన్ కోర్జైన్ సంతకంతో ఈ బదిలీలు రద్దయ్యాయి. పాత నగరాలకు నిధులు అవసరమే. అవి రాష్ట్ర ఖజానా నుంచి రావాలి, పొరుగువాడి బాధ్యతకు ధర కట్టి కాదు.

మిగతా చోట్ల ఏం చేశారు?

మసాచుసెట్స్ అందరికన్నా ముందు, 1969లోనే చట్టం చేసింది. చాప్టర్ 40బి అంటారు. పద్ధతి సులువు. ఊరి ఇళ్లలో 10 శాతం అందుబాటు ధరల ఇళ్లుండాలి. అంతకు తక్కువుంటే, బిల్డరు తన ప్రాజెక్టులో 20 నుంచి 25 శాతం అలాంటి ఇళ్లు పెట్టి ఒకే అర్జీతో అన్ని అనుమతులూ అడగవచ్చు. ఊరు తిరస్కరిస్తే రాష్ట్ర అప్పీలు మండలి ఉంది. 2010లో దీన్ని రద్దు చేయాలని ప్రజాభిప్రాయానికి పెడితే ఓటర్లు వద్దన్నారు. ఈ పద్ధతి బలం దాని సరళత్వం. అవసరం ఎంత అన్నదానితో సంబంధం లేకుండా అందరికీ ఒకే 10 శాతం కావడం దాని లోటు.

కాలిఫోర్నియాలో రాష్ట్రం ప్రతి ప్రాంతానికి ఎనిమిదేళ్ల లక్ష్యం ఇస్తుంది. ఆ ప్రాంతంలోని నగరాల ఉమ్మడి మండలి దాన్ని తమలో తాము పంచుకుంటుంది. పంచుకునేవాళ్లే తూకం పట్టుకుంటే ఏమవుతుందో బెవర్లీ హిల్స్ చూపింది. 2021 దాకా సాగిన విడతలో ఆ సంపన్న నగరానికి దక్కిన వాటా మూడంటే మూడు ఇళ్లు. రాష్ట్రం నియమాలు బిగించి, దక్షిణ కాలిఫోర్నియా ప్రాంతానికి 13,41,827 ఇళ్ల లక్ష్యం పెట్టాక, తరువాతి విడతలో అదే నగరం వాటా 3,104కి చేరింది. సరైన ప్రణాళిక ఇవ్వనందుకు 2023 చివర్లో ఒక న్యాయమూర్తి ఆ నగరంలో కొత్త ఇళ్లకు తప్ప మిగతా నిర్మాణ అనుమతులను నిలిపేశారు. ఇంటి మరమ్మతు అనుమతి ఆగితే ధనికుడికీ సమస్య తలుపు తడుతుంది. ఆ తరువాత కొద్ది నెలలకే ప్రణాళికకు రాష్ట్ర ఆమోదం వచ్చింది.

ఫ్రాన్స్‌లో 2000 డిసెంబరు నాటి ఎస్‌ఆర్‌యూ చట్టం పెద్ద పట్టణ ప్రాంతాల్లోని కమ్యూన్‌లు (అక్కడి స్థానిక ప్రభుత్వాలు) 20 శాతం సామాజిక గృహాలు కలిగి ఉండాలంది. 2013లో చాలా చోట్ల దాన్ని 25కు పెంచారు. వెనుకబడిన కమ్యూన్ ఏటా జరిమానా కడుతుంది. మొండికేస్తే జరిమానాను ఐదింతల దాకా పెంచవచ్చు, నిర్మాణ అనుమతుల అధికారాన్ని ప్రభుత్వ ప్రతినిధి అయిన ప్రిఫెక్ట్ తీసుకోవచ్చు. పారిస్ పక్కనే ఉన్న సంపన్న కమ్యూన్ న్యూయీ ఏళ్ల తరబడి జరిమానాలు కడుతూనే లక్ష్యానికి చాలా దూరంలో ఉండిపోయింది. జరిమానా కట్టగలిగే ఊరికి జరిమానా శిక్ష కాదు. అనుమతుల అధికారం పోతుందన్న భయమే పని చేస్తుంది.

మిన్నెసోటా దారి వేరు. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల చుట్టూ ఏడు కౌంటీలకు 1967 నుంచి మెట్రొపాలిటన్ కౌన్సిల్ అనే ఉమ్మడి సంస్థ ఉంది. 1971 చట్టం ప్రకారం, అప్పటి నుంచి ప్రతి ఊళ్లో పెరిగిన వ్యాపార, పారిశ్రామిక ఆస్తుల పన్ను విలువలో 40 శాతం ఉమ్మడి ఖాతాకు పోతుంది. దాన్ని తక్కువ సంపద ఉన్న ఊళ్లకు ఎక్కువ అందేలా పంచుతారు. ఒక ఊరికి పెద్ద మాల్ వస్తే పొరుగూరి బడికీ కొంత లాభం. ఇళ్ల విషయంలో కూడా కౌన్సిల్ ప్రతి ఊరికీ అంకె ఇస్తుంది. దాన్ని నిలబెట్టుకోకపోతే మాత్రం గట్టి శిక్షంటూ ఏమీ లేదు.

అభ్యంతరాలు, సమాధానాలు

ఊళ్లు చెప్పే అభ్యంతరాలను స్వార్థమని కొట్టిపారేయడం సరికాదు. న్యూజెర్సీలో సగటు ఇంటి ఆస్తిపన్ను 2024లో ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. అందులో పెద్ద భాగం బడులకు పోతుంది. కొత్త వాటాలో చాలా ఇళ్లు బిల్డర్ల ద్వారానే వస్తాయి. అమ్మకపు ప్రాజెక్టులో సాధారణంగా 20 శాతం అందుబాటు ధరల్లో పెడతారు. అంటే అలాంటి 100 ఇళ్లు కావాలంటే మొత్తం 500 ఇళ్లు కట్టనివ్వాలి. ఆ 500 ఇళ్ల పిల్లలకు తరగతి గదులు, ఆ కార్లకు రోడ్లు, నీళ్లు, డ్రైనేజీ ఎవరిస్తారని ఊరి పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇళ్లు వద్దనడం కాదు, బడి ఖర్చులో రాష్ట్రం పెద్ద వాటా మోయడం, వ్యాపార ఆస్తుల పన్నును ఊళ్లు పంచుకోవడం.

నేరాలు పెరుగుతాయి, ఇళ్ల విలువలు పడిపోతాయన్న భయానికి సమాధానం మౌంట్ లారెల్‌లోనే దొరికింది. మూడు దశాబ్దాల పోరాటం తరువాత 2000లో అక్కడ ఎథెల్ లారెన్స్ పేరిట గృహసముదాయం తెరుచుకుంది. మొత్తం 140 ఇళ్లు, అన్నీ తక్కువ, మధ్యస్థ ఆదాయాల వారికే. చూడటానికి ఆమె లేరు, 1994లోనే కన్నుమూశారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ, సహ పరిశోధకులు ఆ సముదాయాన్ని అధ్యయనం చేసి 2013లో పుస్తకం వెలువరించారు. పోల్చదగిన పొరుగు ఊళ్లతో చూస్తే నేరాల్లోగానీ, పన్నుల్లోగానీ, ఇళ్ల విలువల్లోగానీ ఆ సముదాయం వల్ల చెడు మార్పు కనిపించలేదు. అక్కడ ఇల్లు దొరికిన కుటుంబాలకు, అర్జీ పెట్టి ఇంకా ఎదురుచూస్తున్న కుటుంబాలకన్నా పని, ఆదాయం మెరుగుపడ్డాయి. పిల్లలకు మంచి బడులు, చదువుకోవడానికి ప్రశాంతమైన చోటు దొరికాయి.

మన వాళ్ల సంగతి

న్యూజెర్సీకి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు చాలావరకు మొదట దిగింది ఎడిసన్, ఐజలిన్, ప్లెయిన్స్‌బరో ప్రాంతాల అపార్ట్‌మెంట్లలోనే. ఎప్పుడో ఒక టౌన్‌షిప్ వాటికి అనుమతి ఇచ్చింది కాబట్టే ఆ అద్దె ఇళ్లు ఉన్నాయి. తరువాత మంచి బడులు చూసుకుని సొంత ఇళ్లు కొనుక్కున్నారు. ఇప్పుడు అదే రకం అపార్ట్‌మెంట్లు తమ వీధి చివరకు వస్తున్నాయంటే ప్లానింగ్ బోర్డు ముందు వ్యతిరేకించేవాళ్లలో మనవాళ్లు చేరకూడదు. తాము ఎక్కి వచ్చిన మెట్టును వెనకవాళ్లకు లేకుండా చేయడం న్యాయం కాదు.

తెలంగాణలో ఈ ప్రశ్న మరో రూపంలో ఉంది. హైదరాబాద్ నగర పేదల కోసం జీహెచ్‌ఎంసీ కట్టించిన అతిపెద్ద డబుల్ బెడ్‌రూమ్ కాలనీ 2023 జూన్‌లో ప్రారంభమైంది. 15,660 ఇళ్లు. అది ఉన్నది సంగారెడ్డి జిల్లా కొల్లూరులో, అప్పటి నగరపాలక సంస్థ హద్దుల అవతల. న్యూజెర్సీలో ఊళ్లకు కాదనే అధికారం ఎక్కువైతే, ఇక్కడ పొరుగు స్థానిక సంస్థకు అవుననే, కాదనే అధికారమే లేదు. నిర్ణయం రాష్ట్రానిది, నగరానిది. బడి, ఆస్పత్రి, బస్సు అవసరాలు మాత్రం ఆ ఊరివి, ఆ ఊరికి చేరిన కుటుంబాలవి. ఇలాంటి విషయాలు కలిసి కూర్చుని తేల్చుకోవడానికే 74వ రాజ్యాంగ సవరణ 243జెడ్‌ఈ అధికరణం ద్వారా మహానగర ప్రణాళికా కమిటీలు ఉండాలంది. వాటిలో కనీసం మూడింట రెండు వంతుల మంది పురపాలక సభ్యులు, పంచాయతీ అధ్యక్షులు తమలో నుంచి ఎన్నుకున్నవారై ఉండాలి. మూడు దశాబ్దాలు దాటినా దేశంలో చాలా నగరాల్లో ఆ కమిటీలు లేవు, ఉన్నచోట నామమాత్రమే.

తేలిందేమిటి?

ఈ అనుభవాలన్నీ పక్కపక్కన పెడితే నాలుగు సంగతులు స్పష్టమవుతాయి. వాటా అంకెల్లో ఉండాలి. 1975 నుంచి 1983 దాకా అంకె లేని బాధ్యత మౌంట్ లారెల్‌లో ఒక్క ఇల్లూ ఇవ్వలేదు. ఆ అంకెను పంచుకునేవాళ్లు కాక పై సంస్థ ముందే ప్రకటించిన సూత్రంతో తేల్చాలి. మాట తప్పిన ఊరు డబ్బును కాదు, అధికారాన్ని కోల్పోవాలి. బడులకు, రోడ్లకు అయ్యే ఖర్చు కూడా ఇళ్లతో పాటు పంచుకోవాలి. న్యూజెర్సీకి మొదటి మూడూ ఉన్నాయి, నాలుగోది లేదు. అందుకే అక్కడ ప్రతి విడతా కోర్టుల్లో నలుగుతోంది. మిన్నెసోటాకు నాలుగోది ఉంది, మూడోది లేదు. అందుకే అక్కడి ఇళ్ల లక్ష్యాలు ఊళ్ల మంచితనం మీద ఆధారపడుతున్నాయి. నాలుగూ ఒకేచోట అమర్చిన రాష్ట్రం అమెరికాలో ఇంకా లేదు. ఆ పని చేయగలవి శాసనసభలే, కోర్టులు కావు.

న్యూజెర్సీలో ఉన్న పాఠకులకు ఒక మనవి. మీ టౌన్‌షిప్ తన నాలుగో విడత గృహ ప్రణాళిక కింద వచ్చే ప్రాజెక్టులను చర్చకు పెట్టినప్పుడు సమావేశానికి వెళ్లండి. ఎన్ని ఇళ్లు అని ఆగకండి. అందులో పిల్లలున్న కుటుంబాలకు ఎన్ని, బస్సుకో రైలుకో నడిచి వెళ్లేంత దూరంలో ఎన్ని, అతి తక్కువ ఆదాయం వారికి ఎన్ని అని అడగండి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారు పురపాలక ఎన్నికలప్పుడు ఓటడగడానికి వచ్చినవారిని ఇంకో ప్రశ్న అడగండి: మన ఊళ్లో పని చేసేవాళ్లకు మన ఊళ్లో ఎన్ని ఇళ్లు కడతారు? ఆ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పనివారు బాధ్యత తీసుకోనట్టే లెక్క.